పద్నాలుగు గొడుగులు

ఆగండి. చేతిలో ఏ పనున్నా కాసేపు పక్కన పెట్టి వినండి. అప్పలకొండమ్మ మెడలోతు వేడినీళ్లలో కూర్చోవాలనుకుంది. అంతే, ఇంకేం కాదు! కానీ ఆ ఒక్క కోరిక తీరడానికి మా దీవిలోని బతుబస్తీ పేట మొత్తం వారం రోజులు ఎలా పరుగెత్తిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జనవరి. వానలు వెళ్లిపోయాయి. ఆదివారం పొద్దున్న ఐదున్నరకే రాజకుమారి ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు సిద్ధం. రాజకుమారి టైలరు. స్కూలు యూనిఫాంలన్నీ రెడీమేడ్ అయిపోయాక, మూడేళ్లుగా ఆమె మిషన్ మీదకి ఫాల్సూ, పికోలూ, చిరిగిన జిప్పులూ తప్ప ఏమీ రావడం లేదు. ఆమె అత్త అప్పలకొండమ్మకి డెబ్భై రెండు, రెండు మోకాళ్లూ మొరాయించి ఏడాది దాటింది. రాజకుమారి కూతురు లహరి కాలేజీలో రెండో సంవత్సరం. ఈ ట్రిప్పు దాని బుర్రలో పుట్టిందే. ఇక పక్కింటి బేబీరాణి అంగన్వాడీలో ఆయా. పిలవకపోయినా వస్తుంది, పిలిస్తే ముందే వచ్చి కూర్చుంటుంది.

చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో దిగి, అక్కణ్నుంచి జీపులో పైకి పోతే కొండ మీద కొత్తగా వేడినీళ్ల స్నానాల చోటు తెరిచారు. నల్లరాతి తొట్లు మూడు. వాటి వెనకాల బాయిలర్లో నీళ్లు కాచి గొట్టాల్లో వదులుతారు. తొట్టి అంచున గడ్డం ఆనించుకుంటే కింద సముద్రం, ఓడలు. లహరి ఫోన్లో ఆ వీడియో చూపిస్తే అప్పలకొండమ్మ పదకొండు సార్లు చూసింది.

"మోకాలికి కాపడం ఎడితే మోకాలికే తగుల్తాది. ఇక్కడైతే మడిసి మడిసంతా కాపడమే గదే గుంటా!" అంది.

"అందుకే కదా మామ్మా, ఆన్‌లైన్‌లో నాలుగు టికెట్లు ఫటాఫట్ తీసేశాను" అంది లహరి.

నలుగురూ అబర్దీన్ బజార్లో కొత్త నైటీలు కొనుక్కున్నారు. ఒకటే పువ్వు, నాలుగు రంగులు. సముద్రంలో దిగినా నైటీలోనే దిగే వాళ్లకి స్నానానికి ఇంకేం కావాలి? చీరల కింద ఆ నైటీలు అప్పుడే తొడిగేసుకుని ఫెర్రీ ఎక్కారు. గాలికి బేబీరాణి పైట లేచి కింద నైటీ పువ్వులు కనపడితే, "ఒదినా, నీ లోపలి తోట కనిపిస్తంది!" అని రాజకుమారి నవ్వు. డ్రైవరు హారన్ కొట్టినా నవ్వే, జీపు మలుపులో ఒకరి మీద ఒకరు పడినా నవ్వే. అప్పలకొండమ్మ మాత్రం ముందు సీట్లో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది. ఇంకొంచెం ఓర్చుకోండి అని వాటికి నచ్చచెబుతున్నట్టు మెల్లగా రాస్తోంది.

గేటు దగ్గర సూపర్‌వైజర్ వీరేంద్ర టికెట్లు చూశాడు, నవ్వాడు, లోపలికి పంపాడు. బట్టలు మార్చుకునే గదిలోంచి నాలుగు నైటీలూ వరసగా బయటికొచ్చాక మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీదీ, నైటీ నహీ చలేగా. బోర్డు చూడండి. నైలాన్ కాస్ట్యూమ్ ఓన్లీ."

"నైటీకేమైంది భయ్యా? కొత్తది. ఉతికి తెచ్చాం" అంది లహరి.

"కొత్తదైనా కాటనే కదా. దారాలు ఊడిపోయి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి. మొత్తం సిస్టమ్ బంద్. అద్దెకి కాస్ట్యూమ్‌లు ఉన్నాయి, దేఖ్ లీజియే."

కౌంటరు పక్కన హేంగర్లకి కాస్ట్యూమ్‌లు వేలాడుతున్నాయి. చేతుల్లేవు, కాళ్లు తొడ సగానికే అయిపోయాయి. అప్పలకొండమ్మ ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది పై ముక్కా, కింది ముక్కా?"

"మొత్తం అదే మామ్మా."

"మొత్తమా! ఒలమ్మో, మరి మిగతా మడిసెక్కడ ఎట్టుకోవాల?"

బేబీరాణి పెద్ద సైజు అడిగింది. ఉన్న పెద్ద సైజులో ఆమె చెయ్యి మోచేతి దాకా వెళ్లి ఆగిపోయింది. "దీన్ని మా అంగన్వాడీ పిల్లలకి తొడగచ్చు" అని తిరిగి తగిలించేసింది.

అప్పుడే ఒకాయన బొజ్జ మీద తువ్వాలు వేసుకుని వాళ్ల పక్కనుంచే వెళ్లి మొదటి తొట్టిలో దిగాడు. రాజకుమారి చూపు ఆయన నిక్కరు మీదే ఆగింది. ముప్పై ఏళ్లుగా గుడ్డ చూస్తున్న కళ్లు అవి, ముట్టుకోనవసరం లేదు.

"అది కాటన్. నూటికి నూరు" అంది.

వీరేంద్ర అటు చూసి గొంతు తగ్గించాడు. "వో రూమ్ వాలా గెస్ట్ హై దీదీ. రాత్రికి ఇక్కడే ఉంటారు. వాళ్ల సంగతి వేరే."

"ఆయన నిక్కరుకి దారాలు ఊడవా?"

వీరేంద్ర కౌంటరు సొరుగు లాగాడు. టికెట్ల మీద ముద్ర కొట్టాడు. వచ్చే ఆదివారం దాకా పనికొస్తాయి, సరైన బట్టలు తెచ్చుకుని రండి అన్నాడు. వీరేంద్ర మర్యాదగానే అన్నాడు, అదే రాజకుమారికి ఇంకా మంటెత్తించింది. తిట్టుంటే తిరిగి తిట్టేది.

వెనక్కి తిరిగి చూస్తే అప్పలకొండమ్మ లేదు. గోడ చివర మెట్టు మీద కూర్చుని ఉంది. తొట్లలోంచి పొర్లిన నీళ్లు అక్కడో సన్నని కాలవలోంచి కొండ కిందికి పోతున్నాయి. చెప్పులు విప్పి పక్కన పెట్టి, కుడి మడమ అందులో ఆనించి, కళ్లు మూసుకుంది. మొహం మీద ముడతలన్నీ వదులైపోయాయి.

"అమ్మా, వో డ్రైన్ హై. కాళ్లు పెట్టొద్దు" అన్నాడు వీరేంద్ర.

ఆమె కళ్లు తెరిచింది. కాలు మెల్లగా తీసింది. నైటీ అంచుతో వేలు వేలూ తుడుచుకుంది. చెప్పులు తొడుక్కుంది. ఫెర్రీలో వెనక్కొస్తున్నంతసేపూ కొండ వైపే చూస్తూ కూర్చుంది.

రాజకుమారి బొటనవేలూ చూపుడువేలూ గాలిలో దేన్నో నలుపుతున్నాయి. అద్దె కాస్ట్యూమ్ కుట్టు దగ్గర పట్టుకుని చూసిన గుడ్డ ఇంకా వేళ్లలోనే ఉంది. జారుతుంది, నీళ్లు పీల్చదు, నలిపితే సన్నగా కీచుమంటుంది. ఇదెక్కడో తెలిసిన చప్పుడే. చాథం జెట్టీ కనపడే వేళకి టక్కున గుర్తొచ్చింది.

"గొడుగు!" అని అరిచింది.

ఫెర్రీలో సగం మంది ఆకాశం వైపు చూశారు.

సోమవారం పొద్దున్నుంచి గొడుగుల వేట! ఏడాదిలో ఎనిమిది నెలలు వానపడే ఊళ్లో, ప్రతి తలుపు వెనకా రెండో మూడో విరిగిన గొడుగులు వేలాడుతూ ఉంటాయి. బాగుచేయిస్తాం అనుకుంటారు, కొత్తది కొంటారు, పాతది పారెయ్యరు. లహరి ఫోన్లో బస్తీ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టింది: విరిగిన గొడుగులు కావాలి, గుడ్డ బాగుంటే చాలు. సాయంత్రానికి గుమ్మంలో కుప్ప! నల్లవే ఎక్కువ. ఒకటి ఎర్రపువ్వులది. ఒకటి రంగుల కంపెనీ వాళ్లు ఊరికే పంచింది, పసుపు మీద పెద్ద నీలం అక్షరాలు. డైరీఫార్మ్ పేటలో కొట్టు నడిపే వాసుదేవ్ మామ బాగున్న గొడుగే ఇచ్చేశాడు. "మీ అత్త దిగిందని ఫొటో చూపిస్తే చాలు" అన్నాడు.

రాజకుమారి లెక్క వేసుకుంది. మనిషికి మూడు గొడుగులు. బేబీరాణికి ఐదు.

"నాకెందుకే ఐదు?" అంది బేబీరాణి.

"నువ్వు తిరణాలవి గదా ఒదినా, గొడుగులెక్కువ కావాల."

పద్నాలుగు గొడుగులు. రాజకుమారి బ్లేడుతో ఊచల దగ్గర ముడులు తెంపి, కుట్లు విప్పి, గుడ్డ విడదీసింది. ఒక్కో గొడుగులో ఎనిమిది ముక్కలు, ఎనిమిదీ మూడుమూలలవే. మొదటి ముక్క బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. మూడుమూలల ముక్కతో ప్యాంటెలా? ఒకదాన్ని నిలువుగా, పక్కదాన్ని తలకిందులుగా పెట్టి జరిపింది. రెండూ కలిసి తిన్నని పట్టీ అయిపోయాయి! "ఓలప్పో" అని తనలో తనే నవ్వుకుంది. ఆ తర్వాత చేతులు ఆగలేదు.

గొడుగు గుడ్డ మిషన్ పాదం కింద పాములా జారిపోతుంది. అందుకే పాత పేపరు పట్టీలుగా కత్తిరించి కింద పెట్టి, గుడ్డతో పాటు కాగితం మీద కూడా కుట్టేసి, తర్వాత కాగితం చింపేసేది. సూది సన్నది వేసింది, లావు సూది అయితే ప్రతి కుట్టూ జల్లెడ కన్నమైపోతుంది. దారం పాలిస్టర్. మోకాలి కింద దాకా వదులు ప్యాంటు, తొడ దాకా పొడుగు చొక్కా, మోచేతి దాకా చేతులు. నడుముకి ఎలాస్టిక్.

అప్పలకొండమ్మ పక్కనే పీట మీద కూర్చుని కాగితం ముక్కలు ఏరుతూ ఉండేది. మంగళవారం అంది, "నాకు పాంటేటే? నలుగురూ ఏటనుకుంటారు?"

"ఒద్దంటే మానేస్తాను అత్తా."

"మానెయ్యమన్నానా? ఏటనుకుంటారని అడిగాను. అనుకోనీ. పొడుగు కొంచెం ఎక్కువెట్టు."

గురువారం సాయంత్రానికి బేబీరాణి జత తయారు. శుక్రవారం పొద్దున్నే మిన్నీబే సముద్రపు ఒడ్డుకి వెళ్లి పరీక్ష పెట్టారు. నడుంలోతుకి మించి వెళ్లొద్దని లహరి కాపలా. బేబీరాణి నల్లగా తళతళలాడుతూ దర్జాగా నడిచి నీళ్లలో కూర్చుంది. కూర్చోవడమే తరువాయి, ప్యాంటులో గాలంతా ఒక్కసారి పైకి తన్నింది! గుడ్డలోంచి గాలి బయటికి పోదు కదా, వెనకభాగం రెండు బుడగల్లా ఉబ్బింది, కాళ్లు పైకి లేచాయి, తల కిందికి పోయింది.

"ఒలే రాజీ... పట్టుకోవే... నన్ను తేలగొట్టేత్తంది!"

లహరి పట్టుకోవాల్సింది పోయి ఇసకలో పడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. రాజకుమారి చీరతోనే నీళ్లలో దూకి బేబీరాణిని లాగింది. లాగాక కూడా ఆ బుడగ మీద అరచేత్తో కొట్టి చూసింది. గాలి ఎటునుంచి ఎటు పోతోంది, ఎక్కడ ఆగుతోంది?

"నేను సచ్చిపోతంటే నీకు టైలరింగేటే!"

"కాజాలు" అంది రాజకుమారి. "పిర్రల దగ్గర రెండు, చంకల కింద రెండు. బొత్తాం కాజాలంతవి చాలు. గాలి అందులోంచి పోతాది, లోపలేమీ కనపడదు."

ఇంటికెళ్లి మిగతా మూడు జతలూ పూర్తి చేసి, నాలుగింటికీ పదహారు కాజాలు చేత్తో కుట్టింది. శనివారం సాయంత్రం రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకోవడానికి కూడా లేవలేదు, బేబీరాణే పట్టిపెట్టింది. ఆఖరి కాజా దారం పంటితో తెంపి, నాలుగు జతలూ తాడు మీద ఆరేసి వెనక్కి జరిగి చూసింది. మూడేళ్లయింది, ఇలా మొత్తంగా ఒక బట్ట కుట్టి.

రెండో ఆదివారం! అదే ఫెర్రీ, అదే జీపు, ఈసారి నవ్వు మాత్రం లేదు. మళ్లీ వెనక్కి పంపితే? టికెట్లకి ఇదే ఆఖరి రోజు. అప్పలకొండమ్మ దారి పొడుగునా ఒడిలో సంచి వదల్లేదు.

బట్టలు మార్చుకునే గది తలుపు తెరుచుకుంది. ముందు బేబీరాణి. వెనక లహరి, ఎర్రపువ్వులతో. ఆ వెనక రాజకుమారి చెయ్యి పట్టుకుని అప్పలకొండమ్మ. పసుపు చొక్కా, వీపు మీద రంగుల కంపెనీ పేరులో సగం. మొదటి తొట్టిలోని మనుషులు మాటలాపి చూస్తున్నారు. వీరేంద్ర కుర్చీలోంచి లేచాడు.

"యే క్యా హై?"

"నైలాన్" అంది రాజకుమారి.

"యే కాస్ట్యూమ్ నహీ హై దీదీ."

"బోర్డు మీద నైలాన్ అని రాశారు భయ్యా. ఎవరు కుట్టాలో రాయలేదు" అంది లహరి.

వీరేంద్ర వంగి, అప్పలకొండమ్మ చెయ్యి అంచున గుడ్డ పట్టుకుని నలిపాడు. కీచుమంది. పక్కనున్న మగ్గుతో కాసిని నీళ్లు తీసి దాని మీద పోశాడు. నీళ్లు పూసల్లా దొర్లి కింద పడిపోయాయి. దారాలు ఊడతాయేమోనని కుట్టు లాగి చూశాడు. కుట్టు కదల్లేదు. అప్పలకొండమ్మ చెయ్యి అలాగే చాచి నిలబడింది, డాక్టరు ముందు నిలబడ్డట్టు.

"ఛాతా?" అన్నాడు వీరేంద్ర చివరికి. గొడుగా అని.

"ఛాతాయే నాయినా" అంది అప్పలకొండమ్మ. "వాన నుంచి కాపాడింది గదా, ఇప్పుడు నీల్లలోకి తీసుకెల్తంది. పోనీ."

అతని పెదవులు కదిలాయి. నవ్వు ఆపుకోలేకపోయాడు. పక్కకి తప్పుకున్నాడు!

మూడో తొట్టి. నాలుగు రాతి మెట్లు. రాజకుమారి ముందు దిగి వెనక్కి తిరిగి చేతులు చాచింది. మొదటి మెట్టుకి పాదాలు, రెండో మెట్టుకి పిక్కలు. మూడో మెట్టు మీద మోకాళ్లు మునిగినప్పుడు అప్పలకొండమ్మ ఆగిపోయింది. కోడలి ముంజేతిలో గోళ్లు దిగాయి. "నొప్పా అత్తా?" అంటే తల అడ్డంగా ఊపింది. ఇంకో మెట్టు. చంకల కింది కాజాల్లోంచి గాలి బుడబుడమని బయటికొచ్చింది. నడుము, ఛాతీ, భుజాలు. మెడలోతు! ముడి వేసుకున్న జుట్టు తొట్టి అంచుకి ఆనించి కూర్చుంది. ఎదురుగా కింద నీలం సముద్రం, హేవ్‌లాక్ దీవి వైపు పోతున్న తెల్ల ఓడ.

లహరీ, బేబీరాణీ కూడా దిగి అంచున గడ్డాలు ఆనించారు.

"ఒలే రాజీ" అంది అప్పలకొండమ్మ మెల్లగా.

"ఏటత్తా?"

"నా మోకాల్లున్నాయేటే లోపల? తెలతల్లేదు."

లహరి నీళ్లు చిమ్ముతూ గంతులేసింది, బేబీరాణి మొత్తం మునిగి లేచింది, రాజకుమారి మొహం తడుపుకుంది, రెండుసార్లు, మూడుసార్లు, కళ్లు ఎందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగకుండా. పాంటు చూసి ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు ముసలామె రెండు కాళ్లూ నీళ్లలో చాచి పిల్లలా కొట్టింది.

పావుగంటయింది. "దీదీ, ఏక్ మినిట్" అని వీరేంద్ర పిలిచాడు.

రాజకుమారి గట్టెక్కి, తువ్వాలు కప్పుకుని కౌంటరు దగ్గరికెళ్లింది. వీరేంద్ర ఉషారుగా ఉన్నాడు. పైనుంచి మేనేజరు చూశాట్ట, కిందికి ఫోన్ చేశాట్ట.

"మా అద్దె కాస్ట్యూమ్‌లు ఎవరికీ సరిపోవడం లేదు దీదీ. రోజూ ఇదే గొడవ. మీరు కుట్టిపెడతారా? సాఠ్ పీస్. అన్ని సైజులూ. గుడ్డ కొత్తది మేమే ఇస్తాం. ప్రతి సీజన్‌కీ ఆర్డర్ మీదే, పక్కా."

అరవై! రాజకుమారికి చెవుల్లో మిషన్ చప్పుడు వినిపించింది. అరవై జతలంటే పికోలు లేవు, జిప్పుల్లేవు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిజమైన కుట్టు. బేబీరాణికి కాజాలు నేర్పించచ్చు. ఆమె నోటి నిండా సరే వచ్చేసింది, బయటికి రావడమే ఆలస్యం.

"బస్ ఏక్ బాత్" అన్నాడు వీరేంద్ర, పెన్ను తిప్పుతూ. "మీ అరవై వచ్చిన రోజునుంచి బయటి బట్టలు బంద్. కౌంటర్‌లో అద్దెకి తీసుకున్నవే వేసుకోవాలి. అందుకని ఈ గొడుగు సంగతి ఎవరికీ చెప్పకండి. అందరూ ఇంట్లోనే కుట్టుకొస్తే అద్దెకి ఎవరు తీసుకుంటారు?"

"అద్దె ఎంత?"

"టికెట్‌లో సగం."

రాజకుమారి ఏదో అనబోతోంది. అంతలో గేటు అవతల వ్యాను ఆగింది. తొమ్మిదిమంది ఆడవాళ్లు దిగారు. చేతుల్లో టిఫిన్ డబ్బాలు, భుజాన తువ్వాళ్లు, ఒకరిద్దరు వ్యానులోంచే నైటీల్లో వచ్చేశారు. గార్డు బోర్డు చూపించాడు. కాసేపు బతిమాలడం, కాసేపు గొడవ, తర్వాత మాటలు ఆగిపోయాయి. అందరికంటే ముందున్నావిడ గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. మూడో తొట్టిలో మెడలోతున ఉన్న అప్పలకొండమ్మ కనిపించింది. తర్వాత, నీళ్లు కారుతూ నిలబడ్డ రాజకుమారి.

"ఒదినా! తెలుగోల్లేనా?" అని కేకేసింది. "నా పేరు చిట్టితల్లి. వింబర్లీగంజ్ నుంచొచ్చాం. మమ్మల్ని పోమంటన్నాడు. నువ్వు తొడుక్కున్నదేటి? ఎక్కడ కొన్నావు?"

రాజకుమారి గేటు వైపు తిరిగింది.

చిట్టితల్లి కళ్లు చిన్నవి చేసి గుడ్డ వైపు చూసింది. "గొడుగా ఏటది? అవునా కాదా? మా ఇంట్లో మిషనుంది ఒదినా. టికెట్లు వచ్చే ఆదివారం దాకా పనికొస్తాయంట. ఎలా కుట్టాలో కొంచెం సెప్పు, మిగతాది నేను సూసుకుంటాను."

వెనకనున్న ఎనిమిదిమందీ ఊచల దగ్గరికి జరిగారు. వీరేంద్ర తెలుగు అర్థంకానట్టు ఆర్డరు కాగితం రాజకుమారి ముందుకి జరిపాడు. పెన్ను కూడా ఇచ్చాడు. వేడి నీళ్లు ఆమె నాలుగు కాజాల్లోంచి నాలుగు సన్నని ధారలుగా కారి నేల మీద మడుగు కడుతున్నాయి. ఒక్క మాట చాలు. ముక్కలు తలకిందులుగా కలపాలి, కింద కాగితం పెట్టాలి, కాజాలు మర్చిపోతే కాళ్లు తేలి తల మునుగుతుంది. లేదంటే నవ్వేసి, బజార్లో కొన్నానని తువ్వాలు దగ్గరగా లాక్కోవచ్చు.

"సెప్పవే ఒదినా" అంది చిట్టితల్లి.

మీరైతే ఏం చెప్పేవారు?